చప్పుడు లేని బండి

ఆ మే నెల ఆదివారం మా అన్నయ్య వస్తున్నాడని, మనిషి కనబడక ముందే తెలిసిపోయింది. విస్సన్నపేట రోడ్డు దిగి మా తోట మట్టిదారిలోకి మళ్ళేసరికి టపటపమని ఒకటే పేలుళ్ళు. చిన్న రసం మామిడికాయలు కోస్తున్న కూలీలు చిక్కాల గెడలు దించి అటు చూశారు. అత్త వరండాలో పీట మీద కూర్చుని, ముచికల దగ్గర సొన కారుతున్న కాయలను ఒక్కొక్కటే బోర్లించి పెడుతోంది. ట్రాక్టరేమైనా చెడిపోయిందా అని నన్ను అడిగింది.

ట్రాక్టరు కాదు. అది అత్త బండే.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అన్నయ్యే దాన్ని తీసుకుపోయాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్త కిక్కు కొట్టలేక, బండిని మోటారు షెడ్డులో గోనెసంచులు కప్పి పెట్టింది. ఊరికే తుప్పు పడుతోంది, బాగుచేయించి తెస్తానని అన్నాడు. అత్త సంతోషంగా తాళం ఇచ్చింది. తిరిగొచ్చిన బండిని ఒక పట్టాన గుర్తుపట్టలేకపోయాను. పాత ఆకుపచ్చ రంగు గీకేసి నల్లరంగు కొట్టించాడు. పొడుగాటి సైలెన్సర్ తీసేసి, దాని చోట మూరెడు గొట్టం పెట్టించాడు. కోసిన పైపుకి ఆ గొట్టాన్ని అతికించిన చోట వెల్డింగు బుడిపెలు బుడిపెలుగా ఉంది. ఇంజన్ ఆపాక కూడా ఆ అతుకులోంచి సన్నగా పొగ వస్తోంది.

అన్నయ్య మామిడి వ్యాపారం చేస్తాడు. సీజన్లో కాయ ఉత్తరాదికి పంపిస్తాడు. సీజన్ కాని రోజుల్లో తనలాంటి వాళ్ళు నలుగురైదుగురు కలిసి ఆదివారాలు పాత బళ్ళ మీద హనుమాన్ జంక్షన్ దాకా, అటుపైన ఇంకెక్కడికో టిఫిన్లకి వెళ్తుంటారు. ఆ సరదా కోసం అత్త బండిని ఇలా తయారు చేయించాడు.

"ఎవర్నడిగి కోయించావు?" అన్నాను.

"బుల్లెట్ అంటే సౌండ్ రావాలి కదమ్మా. ఇదివరకు కుట్టుమిషను లాగుండేది" అని నవ్వాడు.

నేను అత్త వైపు చూశాను. ఏమన్నా అంటుందేమోనని. ఆమె లేచి, కర్ర ఆనించుకుంటూ బండి దాకా వచ్చి, ఇంజన్‌లోకి పైపు దూరే చోట కొంగు మడతతో తుడిచి చూసింది. కొంగుకి మసి అంటింది. "బండి ఇక్కడే ఉంచెయ్ రా. నువ్వు బస్సులో వెళ్ళు" అని మాత్రం అంది. అంతే. వెళ్ళబోయే ముందు వాడికి రెండు డజన్ల రసాలు సంచిలో వేసి ఇచ్చింది కూడా. నాకైతే ఆ కాయలు వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

నా కోపం అర్థం కావాలంటే అత్త గురించి చెప్పాలి. ఆమె మా నాన్నగారి చెల్లెలు. ప్రభుత్వ నర్సుగా పనిచేసి, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో ఉండే పేటలన్నీ తిరిగింది. పెళ్ళి చేసుకోలేదు. బస్సు వెళ్ళని దారుల్లో సైకిలు తొక్కీ తొక్కీ విసిగిపోయి, బదిలీ మీద వెళ్తున్న ఎవరో ఇంజనీరు దగ్గర ఈ బుల్లెట్ కొనుక్కుంది. అప్పటికే అది పాత బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఆమె కిక్కు కొడుతుంటే, మొదట్లో చర్చి దగ్గర మగవాళ్ళు నిలబడి చూసేవాళ్ళట. పాస్టరుగారు కూడా ఒకసారి మా తాతకు కబురు పెట్టి, అమ్మాయికి కాస్త చెప్పుకోండి అన్నారట. తాత చెప్పాడో లేదో తెలియదు. ఆమె మానలేదు.

ఆ బండి ఎంత పెద్దదైనా చప్పుడు ఉండేది కాదు. చప్పుడు లేకుండా ఉంచడానికి ఆమె పడే తిప్పలు నేను చిన్నప్పుడు చూశాను. పైపు అతుకుల దగ్గర మసి కనబడితే ఆ పూటకి బండి కదిలేది కాదు. ముందు అది విప్పి, తుడిచి, బిగించాల్సిందే. ఎందుకంత పట్టింపు అని నేను కాలేజీలో చేరాక అడిగితే చెప్పింది. పిల్లలు వద్దనుకుని మాత్రలు అడిగే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, అత్తగారికీ మొగుడికీ తెలియకుండా. మొగుడు కొట్టిన దెబ్బలకు కట్టు కట్టించుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. నర్సమ్మ బండి ఫలానా గుమ్మం ముందు ఆగిందని ఊరంతటికీ వినబడితే, ఆ మనిషి ఇంకోసారి తలుపు తియ్యదు. అందుకని ఆమె సందు మొదట్లోనే వేగం తగ్గించి, పిల్లిలా వెళ్ళేది. తను వచ్చిన సంగతి ఆ ఇంటి మనిషికి తెలిస్తే చాలని అనేది.

అలాంటి బండిని టిఫిన్లకు వెళ్ళడానికి కోయించాడు.

నేను నూజివీడులో లెక్కల టీచర్ని. స్కూలుకి స్కూటీ మీద వెళ్ళొస్తాను. వేసవి సెలవులు కాబట్టి ఆ నెలంతా అత్త దగ్గరే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డులోంచి రేకు పెట్టె తెప్పించి, పానాలన్నీ గుడ్డ మీద పరిచింది. తను కూర్చుంటానంది, చేతులు మాత్రం నావి కావాలంది. వాడే చేయించాలి, వాడిని పిలువు అన్నాను. వాడికి సీజన్ కదా, తీరదు పాపం అంది. ఆ 'పాపం' అన్న మాటకి నాకు మళ్ళీ మండింది.

పాత సైలెన్సర్ ఏం చేశావని ఫోన్‌లో అడిగితే, మెకానిక్ పాత ఇనుప సామానుకి వేసేశాడని అన్నయ్య చాలా మామూలుగా చెప్పాడు. అలాంటిదే ఇంకోటి వెతకడానికి బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. ఎండకి తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. మొదటి షాపులో అడగ్గానే, ఎంత సౌండ్ కావాలి మేడం అన్నాడు. అసలు సౌండ్ వద్దండీ అన్నాను. పక్కనున్న అతని వైపు చూసి నవ్వాడు. రెండో షాపులో మీవారికి ఫోన్ చేసి ఇవ్వండి, ఆయనతో మాట్లాడతాం అన్నారు. మావారికి స్పానరుకీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలియదు. ఆయన బ్యాంకు క్యాషియరు, ఇంట్లో ఫ్యాను ఆగిపోతే నన్నే పిలుస్తారు. ఇంకో చోట కొత్త మోడల్‌ది చేతిలో పెట్టి, ఇదే బాగుంటుంది తీసుకోండి, మీకు తెలీదు అన్నాడు. ఆ మనిషికి బండి ఏ రకమో, పైపు లావెంతో, సైలెన్సర్ పొడుగెంతుండాలో వరసగా చెప్పాను. ముందు రోజే అత్త నాచేత కొలిపించి, అప్పజెప్పించుకుంది. అతను ఒక మాటన్నా పూర్తిగా వినలేదు. చివరికి ఒక గోడౌన్ వెనకాల దుమ్ములో, పొడుగాటి పాత సైలెన్సర్ ఒకటి నాకు నేనే వెతుక్కున్నాను. సొట్ట ఉంది కానీ లోపల చప్పుడు అణిచే జల్లెడ గట్టిగానే ఉంది. గోనెలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, కండక్టరు దానికీ లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

వెల్డింగు అతుకు కోయించి, పైపుకి సరిగ్గా అతుకు వేయించి తెచ్చాక అసలు పని మొదలైంది. ఆ రకం బండిలో పైపు ఇంజన్ పైభాగంలో ఉండే హెడ్‌లోకి ఊరికే దూరి కూర్చుంటుంది. బిగించడానికి అక్కడ మరేమీ ఉండదు. అన్నయ్య మెకానిక్ దాన్ని ఊడదియ్యడానికి ఉలి పెట్టి కొట్టాడు కాబోలు, పైపు మూతి వంకరపోయి గుండ్రం తప్పింది. ఆ సందులోంచి పొగ కారుతోంది. ఏక్సిలేటరు వదిలినప్పుడల్లా ఆ సందులోంచే గాలి లోపలికి పోయి, ఆ పేలుళ్ళు వస్తున్నాయని అత్త చెప్పింది. ఎక్కడ కారుతోందో చూడడానికి ఒక పద్ధతి చూపించింది. బండి చల్లగా ఉన్నప్పుడు అతుకుల మీద సబ్బునురగ పూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు వేడెక్కేలోగా చూడాలి. కారే చోట బుడగలు లేస్తాయి.

ఆ స్టార్ట్ చెయ్యడమే నాకు నరకం. కిక్కు రాడ్ వెనక్కి తన్ని కాలి ఎముక మీద కొట్టింది. బొప్పి కట్టింది. అత్త కుర్చీలోంచి కదలకుండా, ముందు పిస్టన్ పైకి తెచ్చుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను అంటోంది. ఒక్కసారి కూడా చెప్పలేదు. అదే మాట అన్నాను. చెప్పాను, నువ్వు వినలేదు అంది.

నురగలో బుడగలు లేచింది హెడ్ దగ్గరే. పల్చటి రాగిరేకు ముక్క కత్తిరించి పైపు మూతికి చుట్టాలంది అత్త. రాగి బిరుసుగా ఉంటే మూతి వంకర్లలో కూర్చోదని, గ్యాస్ పొయ్యి మీద పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాను. కాగితంలా మెత్తబడింది. అది చుట్టి, చెక్కసుత్తితో కొట్టి పైపుని లోపలికి దింపాను. సబ్బునీళ్ళు పూశాను. బుడగల్లేవు. అత్త చప్పట్లు కొట్టినంత పని చేసింది. కాసేపు ఇంజన్ వేడెక్కనిచ్చి ఏక్సిలేటరు తిప్పి వదిలాను. మళ్ళీ టప్ మని పేలింది. మళ్ళీ మసి.

రేకు మందం చాల్లేదని ఆమె అంది. మళ్ళీ విప్పించింది. ఇంకో చుట్టు చుట్టించింది. మళ్ళీ అంతే. వేడికి తట్టుకునే లప్పం ఏదో షాపులో దొరుకుతుందంటే తెచ్చి పూశాను. రెండు రోజులు ఆగి, మళ్ళీ కారింది. నా చేతులకు ఒక పక్క మామిడి సొన పడి కాలిన మచ్చలు, ఇంకో పక్క పైపు అంటుకుని లేచిన బొబ్బలు. ఇంటికి ఫోన్ చేస్తే మావారు, ఎందుకొచ్చిన గొడవ, ఎవరికన్నా ఇచ్చెయ్యకూడదా అన్నారు. ఫోన్ పెట్టేశాను.

"హెడ్ దగ్గరేనే. నాకు తెలుసు" అని అత్త మంకుపట్టు.

ఆ రోజు విసుగు పుట్టి, ఇంజన్ ఆడుతుండగానే వెనక్కి వెళ్ళి గుడ్డ చుట్టుకున్న చేత్తో సైలెన్సర్ చివర పట్టుకున్నాను. చెయ్యంతా అదిరిపోయింది. సైలెన్సర్‌ని వెనకాల ఫ్రేముకి పట్టి ఉంచే ఇనుప పట్టీ అసలు లేదు. అన్నయ్య పెట్టించిన పొట్టి గొట్టానికి అది అక్కర్లేదు కాబట్టి పీకి పారేశారు. నేను పొడుగాటిది తెచ్చి పెడితే, దాని బరువంతా ముందు హెడ్ దగ్గరే వేలాడుతోంది. ఆ ఊపుకి మేం ఎంత రాగి చుట్టినా కదిలిపోతోంది. ఆమె చూపంతా పైపు మూతి మీదే ఉంది, నా చూపు ఆమె చెప్పిన చోటే ఉంది. ఇన్నాళ్ళూ ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

అత్తకి చూపించాను. వంగి, ఫ్రేము మీద ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాన్ని వేలితో తడిమింది. ఆ తర్వాత, పట్టీ లేకుండా బండి ఎవడు కడతాడు అని మెకానిక్‌ని తిట్టడం మొదలుపెట్టింది. నేను పొరపడ్డాను అని మాత్రం అనలేదు.

పట్టీ కొత్తది చేయించి, బోల్టు బిగించి, ముందు మళ్ళీ మెత్తటి రాగి చుట్టి దింపాను. ఏక్సిలేటరు తిప్పాను, వదిలాను. పేలలేదు. ఇంజన్ మెల్లగా డుగ్ డుగ్ మంటోంది. వంటింట్లో కుక్కరు కూత నాకు స్పష్టంగా వినబడింది. నేను ఆ గచ్చు మీదే కూర్చుండిపోయాను. ఏడుపు కూడా వచ్చింది, ఎందుకో తెలియదు.

కాపు చివరికొచ్చాక అన్నయ్య వచ్చాడు, ఈసారి కారులో. బండి చూసి మెచ్చుకున్నాడు. చక్రాలు కడిగి మెరిపించాం కదా, అది చూసి. ఒకసారి తోట చుట్టూ తిప్పొచ్చి, నిజమేనత్తా, ఇలాగే బాగుంది అన్నాడు. వాడికి ఎలా ఉన్నా బాగుంటుంది. కాఫీ తాగుతుంటే అత్త అంది:

"ఇంక బండి నీ దగ్గరే ఉంచుకో రా. కాయితాలు కూడా నీ పేరు మీద మార్పిస్తాను. ఆ పైపు మాత్రం ముట్టుకోకు."

నా చేతిలో గ్లాసు ఉంది. అది కింద ఉంచాను. బొబ్బలింకా మానని చేతులు రెండూ ఆమె ముందు పెట్టాను.

"ఇది ఎవరు చేశారత్తా?"

"నువ్వే చేశావు. కాదన్నానా? నీకు ఆ బండి రాదు కదే. నువ్వేం చేసుకుంటావు?"

"ఎందుకు రాదు? నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నేర్పమని అడిగాను. ఏమన్నావో గుర్తుందా?"

ఆమెకి గుర్తుంది. మొహం చూస్తే తెలిసింది. బండి నడిపే పిల్లని ఎవడు చేసుకుంటాడే అంది అప్పుడు. వెనక ఎక్కించుకుని ఊళ్ళన్నీ తిప్పింది కానీ హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. అదే వేసవిలో అన్నయ్యకి నేర్పింది. వాడికి నాకంటే రెండేళ్ళు ఎక్కువ, అంతే. ఈ తోటలోనే, ఈ దారిలోనే, వాడి వెనకాల పరుగెత్తుతూ నేర్పింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను.

ఇవన్నీ గట్టిగానే అన్నాను. కూలీలు విన్నారో లేదో నాకు పట్టలేదు. ఊరందరినీ ఎదిరించి బండెక్కిన మనిషివి, నా దగ్గరకొచ్చేసరికి ఊరివాళ్ళ మాట నువ్వే చెప్పావు అన్నాను. అన్నయ్య లేచి, పోనీలే, అందరం ఒకటే కదా, ఎవరి దగ్గరుంటే ఏం అని సర్దబోయాడు. నువ్వు ఊరుకో అన్నాను. మళ్ళీ కూర్చున్నాడు.

అత్త కొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నన్ను ఏమేం అన్నారో నీకు తెలీదు. మీ నాన్న కూడా అన్నాడు. నిన్ను నాలాగా చేశానని మళ్ళీ నన్నే అంటారని భయపడ్డాను" అంది.

"సరే. అప్పుడు భయం. ఇప్పుడేంటి? నాకు యాభై వస్తున్నాయి. నన్ను ఎవడు చేసుకోవాలి?"

బండి మగపిల్లాడికి వెళ్ళాలని అనుకుంది, అంతే. ఎందుకని తనని తాను ఎప్పుడూ అడిగి ఉండదు. నేను లేచి, వాడి కాఫీ గ్లాసు పక్కన ఉన్న తాళం తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అన్నయ్య నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. పడిపోతావమ్మా, బరువు బండి అది అన్నాడు. పడితే లేస్తాను అన్నాను. వాడు భోజనం చెయ్యకుండానే కారెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం వదిన ఫోన్ చేసి, ఆయన బాగా బాధపడుతున్నారు, ఒక పాత బండి కోసం ఇంత అవసరమా అంది. ఆ మాట ఆయన్ని అడుగు వదినా అన్నాను.

తర్వాత రెండు రోజులు అత్తా నేనూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. మూడో రోజు పొద్దున నేను ఒక్కదాన్నే బండి మట్టిదారిలోకి తోసుకెళ్ళి, స్టార్ట్ చేసి, గేరు వెయ్యబోయి బ్రేకు తొక్కి ఆపేశాను. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఆగింది. స్కూటీ అలవాటు చేతులకు ఆ క్లచ్ అందడం లేదు. వెనకాల కర్ర చప్పుడైంది. అత్త ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి దారి పక్కన వేసుకుని కూర్చుంది.

"కుడికాలు. గేరు కుడికాలు" అంది.

కుడికాలే వేశాను.

అలా నేర్చుకున్నాను. చెట్టుకి గుద్దాను ఒకసారి. పిక్క మీద పైపు అంటుకుని తోలు ఊడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆమె నర్సు కాబట్టి తనే కట్టు కట్టింది, కడుతూ కూడా తిట్టింది. స్కూళ్ళు తెరిచాక గేరు బండి లైసెన్సు పరీక్షకి వెళ్తే, అక్కడున్న మగవాళ్ళంతా ఫోన్లు తీసి వీడియో తియ్యడం మొదలుపెట్టారు. ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా తిప్పాను. వాళ్ళ మీద కోపంతోనే తిప్పానేమో.

కాయితాలు నా పేరు మీదికి మార్చడానికి అత్త చాలాకాలం సంతకం పెట్టలేదు. కళ్ళజోడు కనబడలేదనేది, ఇవాళ ఆదివారం కాదా అనేది. నేను అడగడం మానేశాక, ఒకరోజు తనే పెట్టి టీవీ దగ్గర పడేసింది. ఆమె నాకు సారీ చెప్పలేదు. అన్నయ్యా చెప్పలేదు. క్రిస్మస్‌కి వచ్చాడు, కేకు తిన్నాడు, బండి వైపు చూడలేదు. నా కోపం తగ్గిందా అని మావారు అప్పుడప్పుడు అడుగుతారు. తగ్గలేదు. దాంతో పాటే ఇంటి పనులూ బడి పనులూ చేసుకుంటున్నాను.

మొన్న అత్తని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆటో పిలుస్తానంటే, బండి ఉండగా ఆటో దేనికి అంది. నా భుజం పట్టుకుని, ఆపరేషన్ కాలు జాగ్రత్తగా వేసుకుని వెనక ఎక్కింది. రోడ్డెక్కగానే ఎండగా ఉందని గొడుగు తెరిచింది. గాలికి బండి పక్కకి లాగేస్తోంది. ముడువు అత్తా, పడిపోతాం అని అరిచాను. నువ్వు సరిగ్గా నడుపు, నేను సరిగ్గా పట్టుకుంటాను అంది. ఇంకా గట్టిగా అరిచాను. ఊరొచ్చేదాకా ముడవలేదు.